నాలుగో తాడి

మా ఊరికీ పట్నానికీ మధ్య అప్పట్లో అడ్డం ఉన్నది ఒక్క రోడ్డు మలుపే. అరసవల్లి దాటి శ్రీకూర్మం వైపు వస్తూ ఎడమ చేతి మట్టిదారిలోకి దిగితే, పది నిమిషాల నడకలో మా చర్చి, దాని వెనక మా ఇళ్ల వరస కనపడేవి. పట్నం అంత దగ్గరున్నా, మధ్యాహ్నం పూట ఎవరింటి రోట్లో ఏం దంచుతున్నారో మంచం మీద పడుకుని చెప్పగలిగేంత నిశ్శబ్దం ఉండేది. ఆదివారం సూర్యదేవుడి గుడికి జనం ఎక్కువ కాబట్టి ఆటోలన్నీ అటే తిరిగేవి, మావైపు ఒక్కటీ వచ్చేది కాదు. మా పాస్టరుగారు పట్నం నుంచి నడిచొచ్చి, చెమట తుడుచుకుంటూ, ప్రతివారం అరగంట ఆలస్యంగా ఆరాధన మొదలుపెట్టేవారు. దానికి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

నేను పట్నంలో ఒక బళ్లో తెలుగు చెప్పేదాన్ని. ఇంట్లో అమ్మా నేనూ, ఇద్దరమే. నా పదో తరగతి పరీక్షల ముందు నాన్న పోయారు. ఆయన్ని ఊరి తూర్పున ఉన్న మా సమాధుల తోటలో పెట్టారు. తోట అన్నానని పూలమొక్కలు ఊహించుకోకండి. గడ్డి, తుమ్మ ముళ్లు, ఒక పక్క పొలంగట్టు మీద వరసగా ఎనిమిది తాడిచెట్లు, అంతే. మా తాతల కాలంలో ఒక భూస్వామి నోటిమాటగా ఇచ్చిన జాగా అది. ఇస్తూ ఒక షరతు పెట్టాడట, పాతుకోండి గానీ ఇటుక మీద ఇటుక పెట్టొద్దని. కట్టడం లేస్తే జాగా మీద మాకు హక్కు వచ్చేస్తుందని ఆయన భయం. మావాళ్లు ఆ మాటని మూడు తరాలు నిలబెట్టారు. ఆ తోటలో ఒక్క రాతి సిలువ లేదు. కర్ర సిలువ పాతితే రెండు వానాకాలాలకి చెదలు తినేసేవి.

అందుకని లెక్క తాడిచెట్ల నుంచి వేసుకునేవారు. రోడ్డు వైపు నుంచి ఎన్నో తాడి, దాని మొదట్లో పొలానికి వీపు పెట్టి నిలబడి తిన్నగా నడిస్తే ఎన్ని అడుగులు, అదీ లెక్క. మా నాన్నది నాలుగో తాడి, తొమ్మిది అడుగులు. ఆయన్ని పెట్టిన మూడో రోజు అమ్మ ఒక్కతే వెళ్లి కొలుచుకుని వచ్చింది. అప్పటికి ఆమెకి నలభై లేవు, నెత్తిన గడ్డిమోపుతో మగాళ్ల కంటే ముందు ఊళ్లోకి వచ్చేసే మనిషి. ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదే. రహస్యమని కాదు, ఒకరినొకరు అడగాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

ఈస్టరు నాడు తెల్లవారుతుండగా కొవ్వొత్తులు పట్టుకుని అందరం తోటకి వెళ్లేవాళ్లం. ఆడవాళ్లు ఎవరి తాడి దగ్గర వాళ్లు నిలబడి, పెదాల్లోనే లెక్కపెట్టుకుంటూ గడ్డిలోకి నడిచేవారు. అమ్మ ముందు, నేను వెనక. తొమ్మిదో అడుగు దగ్గర ఆగి కొవ్వొత్తి గుచ్చి, దానికి ఎడం పక్క నేల మీద అరచెయ్యి ఆనించేది.

"ఇది నాది. నన్నిక్కడెట్టాల. మరిసిపోకు గుంటా," అనేది.

నాకు నలభై వచ్చినా ఆమెకి గుంటనే, చిన్నపిల్లనే. అమ్మ నన్ను జీవితంలో ఇంకేదీ అడగలేదు. మంచి చీర అడగలేదు, తీర్థం తీసుకెళ్లమనలేదు, నేనెందుకు ఒంటరిగా ఉండిపోయానని కూడా అడగలేదు. ఆ ఒక్క జాగా మాత్రం ఏటేటా అడిగేది.

భూస్వామి మనవడు విశాఖపట్నంలో ఉంటాడు. ఆయన మా చుట్టూ ఉన్న పొలాలన్నీ లేఅవుటుకి అమ్మేశాడు. వరిచేలో పసుపు రంగు రాళ్లు లేచాయి. తోట సంగతి మాట్లాడ్డానికి లేఅవుటు వాళ్ల తరఫున ఒకాయన వచ్చాడు. మేం గొడవకి సిద్ధపడి చర్చిలో కూర్చున్నాం. ఆయన గుమ్మంలోనే చెప్పులు విడిచి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"సమాధుల జోలికి రామండి. గట్టు మీదుగా రోడ్డు వస్తాది, ఆ తాడిచెట్లొక్కటే తీస్తాం. దానికి బదులు తోట సుట్టూ ప్రహరీ కట్టించి గేటు పెట్టిస్తాం," అన్నాడు.

ప్రహరీ అనే మాటకి మా పెద్దల ముఖాలు విప్పారాయి. మూడు తరాలు ఒక్క ఇటుకకి నోచుకోని వాళ్లం, ఏకంగా గోడే వస్తోందంటే ఇంకేం కావాలి. నా దస్తూరి బాగుంటుందని ఒప్పుదల కాగితం నన్నే రాయమన్నారు. నేను ఉత్సాహంగా రాశాను. 'సమాధులకు ఏ విధమైన హానియు కలుగకుండ' అని మొదలుపెట్టి, గోడ ఎత్తు, గేటు వెడల్పు, అన్నీ వివరంగా రాసి, చదివి వినిపించాను. ఒక పెద్దాయన మాత్రం, "మరి ముంజల మాటేటి?" అని అడిగాడు. అందరం నవ్వేశాం. సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి.

తాడిచెట్లు పోతే లెక్క పోతుందని ఆ గదిలో ఒక్కరూ అనలేదు. తరవాత అడిగి తెలుసుకున్నాను. తమ ఒక్క ఇంటికే ఆ ఇబ్బంది, మిగతావాళ్లకి వేరే ఏదో గుర్తు ఉండే ఉంటుంది, అందరికీ మంచి జరుగుతుంటే మనం అడ్డుపడ్డం ఎందుకని ఎవరికి వాళ్లు ఊరుకున్నారట. వాళ్లైనా ఆ మాత్రం ఆలోచించారు. నేను అసలు తాడి ఊసే తలవలేదు. నా వాక్యాల ముచ్చటలో నేనున్నాను.

అమ్మ ఆ రోజు అక్కడ లేదు. కంట్లో శుక్లం తీయించుకుని, నల్ల కళ్లద్దాలతో, ఎండలోకి రాకూడదు, తల వంచకూడదు అన్న ఆంక్షల మధ్య ఇంట్లో ఉంది. పొక్లెయిన్ వచ్చిన రోజు మంచం మీద నుంచి అడిగింది.

"ఏటే ఆ సప్పుడు?"

"రోడ్డేస్తన్నారమ్మా," అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే నాకు ఇప్పటికీ ఆ మాట మింగుడుపడదు.

నెల తరవాత అద్దాలు తీసేశాక, కొత్త చూపుతో లోకం ఎలా ఉందో చూస్తానని తోటకి బయల్దేరింది. గేటు తీసి లోపలికి వెళ్లాం. నున్నగా సున్నం వేసిన గోడ, లోపల ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒకేలా ఉన్న గడ్డి. గట్టు లేదు, దాని మీద ఎర్ర కంకర పోసి రోడ్డు ఎత్తు చేసేశారు. అమ్మ గోడ పొడుగునా చూసింది.

"తాడిసెట్లేవే?"

నేను చెప్పాను, కాగితం సంగతి కూడా. అమ్మ గోడ మూల నుంచి అంచనా వేసుకుని, వీపు గోడకి ఆనించి తొమ్మిది అడుగులు వేసింది. "ఇది కాదు," అంది. ఇంకాస్త జరిగి మళ్లీ వేసింది. "ఇదీ కాదు." మోకాళ్ల నొప్పులతో ఆమె అడుగు కురచై ఎన్నాళ్లో అయింది, పాతికేళ్ల నాటి తొమ్మిది అడుగులు ఇప్పటి తొమ్మిదితో ఎలా సరిపోతాయి. చివరికి నన్ను నడవమంది. నడిచాను.

"నీది మీ నాన్న నడక. పనికిరాదు," అని గేటు వైపు వెళ్లిపోయింది. నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ తరవాతి ఈస్టరుకి ఊరంతా తోటలో కొవ్వొత్తులు పట్టుకుని అయోమయంగా తిరిగారు. రెండిళ్ల వాళ్లు ఒకే చోట కొవ్వొత్తి గుచ్చి, మాదంటే మాదని పోట్లాడుకుని మాటలు మానేశారు. ఆ ఏడాది హుద్‌హుద్ వచ్చి జిల్లాలో చెట్లన్నీ కూలినప్పుడు, మనం కొట్టకపోయినా తుఫాను పడగొట్టేదే కదమ్మా అని పాస్టరుగారు అమ్మని ఓదార్చబోయారు.

"తుపాను మొదళ్లు పీకదు కదా బాబూ," అంది అమ్మ.

ఆ తరవాత అమ్మ ఈస్టరు నాడు తోటకి రావడం మానేసింది. రోడ్డు అవతల అపార్టుమెంట్లు లేచాయి. మోటార్ల మోత, పెళ్లి హాలు మైకు, రోజంతా బళ్ల రొద. ఊరు పట్నంలో కలిసిందన్నారు. నాకైతే మా ఇంటి చుట్టూ పట్నం, మధ్యలో మాట్లాడ్డం మానేసిన అమ్మ, అంతే మిగిలింది. మంచం పట్టాక ఒకసారి తనంతట తానే ఆ సంగతి ఎత్తింది.

"ఎక్కడో ఓ దగ్గిర ఎట్టీ. ఎతకొద్దు," అంది. పాతికేళ్లు అడిగినది, నాకు పని తగ్గించడానికి వదులుకుంది.

చెట్లు కొట్టిన ఐదేళ్లకి, ఒక వానాకాలం, అమ్మ పోయింది. మా ఊళ్లో గొయ్యి మావాళ్లే తవ్వుతారు. వరసకి మావయ్య అయ్యే పెద్దాయన గునపం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఎక్కడ తవ్వమంటావు కోడలా?"

వెతకొద్దందని తెలిసీ, మనసాగక ఒక చోటు చూపించాను. మోకాలి లోతుకి ఎవరివో ఎముకలు తగిలాయి. నాన్నవి కావచ్చు, కాకపోవచ్చు. మావయ్య గబగబా మట్టి కప్పేశాడు. ఇంకో చోట చూద్దామనే ధైర్యం నాకు లేకపోయింది. గోడ వారగా తవ్వమన్నాను. వేళ్లకి పార దిగదని పూర్వం గట్టు పక్క ఎవరినీ పెట్టేవారు కాదు. అక్కడ ఎవరూ ఉండరని మాత్రం ఖాయం.

మూరెడు దిగాక పార ఆగిపోయింది. మావయ్య వంగి, మట్టిలోంచి గుప్పెడు పీచు వేళ్లు లాగి చూశాడు.

"తాడి ఏరు కోడలా. సూడు, ఇంకా కుళ్లనేదు. గోడెంబడి తవ్వి సూసుకుంటే ఎనిమిదీ దొరికును."

ఐదేళ్లు. అమ్మ బతికున్న ఐదేళ్లూ అవి అక్కడే ఉన్నాయి. యంత్రం మొదళ్లు లాగేసింది కాబట్టి ఏమీ మిగల్లేదనుకున్నాం. ఒక్కరం పార పట్టుకుని చూడలేదు.

మగాళ్లు నలుగురు గునపాలతో గోడ వెంట, పాత రోడ్డు వైపున్న గేటు దాకా వెళ్లి పొడిచి చూశారు. అరగంటలో తేలింది. మేం తవ్విన చోటు మూడోది. దాని అవతల, ఎనిమిది గజాల దూరంలో, నాలుగో తాడి వేళ్లు. మావయ్య అక్కడ గోడకి వీపు పెట్టి నిలబడి నా వైపు తిరిగాడు.

"ఎన్నడుగులు?"

"తొమ్మిది."

ఒక కాలు ముందుకేసి ఆగిపోయాడు. "ఎవుల అడుగులు?"

అందరూ అమ్మ ఉన్న పెట్టె వైపు చూశారు. పాస్టరుగారు ఆకాశం చూసి, వాన వచ్చేలా ఉందన్నారు. తవ్విన గోతిలోనే, మూడో తాడి వేళ్ల మధ్య, అమ్మని దించాం. పాతికేళ్లు ప్రతి ఈస్టరుకీ ఆమె వెనకే నడిచాను. ఆ అడుగు ఎంతుంటుందో ఒక్కసారీ చూసుకోలేదు.