పర్వాలేదులే

హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో మా నాన్న బట్టల కొట్టు పక్క గదిలో నేను మగ్గం వర్క్ దుకాణం పెట్టినప్పుడు, నా పోలియో కాలు ఎవరికీ పెద్దగా పట్టేది కాదు. కాలికి కట్టుకునే ఇనుప కాలిపర్ మీద చీర కుచ్చిళ్లు పడేవి. చేతికర్ర కౌంటరు వెనక ఉండేది. వచ్చినవాళ్లు చూసేది బ్లౌజునే. నచ్చకపోతే తిట్టేవాళ్లు.

అందరికంటే ఎక్కువ తిట్టింది మలక్‌పేట మేడమ్. గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఒకసారి జరీ రంగు కాస్త తేడా వచ్చిందని బ్లౌజు నా ముందే విదిలించి, "కళ్లు పెట్టి చూశావా అసలు? మొత్తం విప్పు" అంది. ఏడుపు వచ్చింది. విప్పి మళ్లీ కుట్టాను. కానీ ఆ రోజు ఈ బజారులో అందరిలాగే నేనూ ఒక దుకాణదారునని అనిపించింది.

తర్వాత వికలాంగుల కోసం పనిచేసే ఒక సంస్థ వాళ్లు అవార్డు ఇస్తామని పిలిచారు. వేదిక వెనక ఒకావిడ చక్రాల కుర్చీ తోసుకొచ్చింది.

"నేను నడుస్త కదమ్మా" అన్నాను.

"నడుస్తారు మేడమ్. వెనక కూర్చున్నవాళ్లకు అర్థం కావాలి కదా. స్టేజీ మీద మాత్రమే."

వెంట వచ్చిన తమ్ముడి వైపు చూశాను. "కూసో అక్కా, ఒక్క ఫొటోకు ఏమైతది" అన్నాడు. కూర్చున్నాను. నేను కుట్టిన బ్లౌజు ఒక్కటి కూడా ఆ వేదిక మీద లేదు. నేను పొద్దున్నే లేచి పనికి కూర్చోవడమే వింత అన్నట్టు మాట్లాడి చప్పట్లు కొట్టారు.

తమ్ముడు ఆ ఫొటో పెద్దది చేయించి దుకాణం ముందు బోర్డు కట్టాడు. గిరాకీ పెరిగింది. కొత్తగా వచ్చినవాళ్లు డిజైన్లు చూడకుండానే "నీకేది వీలైతే అది కుట్టమ్మా" అనేవాళ్లు.

ఆ రోజుల్లోనే మలక్‌పేట మేడమ్ బ్లౌజు చేతుల మీద నెమళ్ల మెడలు ఒకేలా రాలేదు. ఆమె పట్టుకోకముందే నేనే చూపించి, "విప్పి మంచిగ చేసిస్త మేడమ్" అన్నాను.

ఆమె బోర్డు చూసే లోపలికి వచ్చింది. గొంతు తగ్గించి, "పర్వాలేదులే తల్లీ, నువ్వు ఇంత చేయడమే గొప్ప" అంది. నెమళ్ల వైపు చూడను కూడా చూడలేదు.

ఆ ఎండాకాలం వాళ్లమ్మాయి పెళ్లి. బ్లౌజులు నాకే వస్తాయని డిజైన్లు గీసి పెట్టుకున్నాను. ఆమె శుభలేఖతో వచ్చింది.

"బ్లౌజులు వేరేచోట ఇచ్చాం. పెద్ద పని, నిన్నెందుకు కష్టపెట్టడం అని."

"నేనెప్పుడన్న కష్టమన్ననా మేడమ్?"

"నువ్వు అనవులే" అని నా చెయ్యి నిమిరింది.

ఆమె వెళ్లగానే బోర్డు తీసెయ్యమన్నాను. తమ్ముడు ఒప్పుకోలేదు. "జర సోంచాయించు అక్కా. దాన్ని చూసే గదా వస్తుండ్రు. అది తీసేస్తే మన దగ్గర కుట్టేటోళ్లకు పనెట్ల దొరుకుతది?" బోర్డు ఉండిపోయింది.

పెళ్లి బట్టలు ఇప్పుడూ కుడుతున్నాను, నా పేరు మీద కాదు. పురానాపూల్ నుంచి ఒక భాయ్ గుడ్డ తెచ్చి ఇస్తాడు, కుట్టాక పెద్ద షోరూంకు చేరుస్తాడు. "మీ సంగతి వాళ్లకు చెప్పలేదు అక్కా. చెప్తే టైంకు ఇస్తరో లేదో అని ఫికర్ పడ్తరు" అన్నాడు.

మొన్న మరదలితో ఆ షోరూంకు వెళ్లాను. నేను కుట్టిన లంగా అద్దాల వెనక బొమ్మకు తొడిగి ఉంది. నా కర్ర చూసి సేల్స్‌మన్ కుర్చీ లాగాడు.

"ఎవరు కుట్టిండ్రు ఇది?" అని అడిగాను.

"మా సొంత కారిగర్లు మేడమ్. పెద్ద ఉస్తాద్‌లు."

నేనే అని చెబితే నమ్మడని కాదు. నమ్మితే ఆ లంగాను చూడడం మానేసి నన్ను చూస్తాడు. బాగుందని చెప్పి మెట్లు దిగాను.