సైలెన్సర్ మీది రేకు

నిన్న రావులపాలెంలో మెకానిక్ నా కారు కిందికి దూరి, "సైలెన్సర్ మీద రేకు లూజైందండీ. మోగుతోంది, పీకేయమంటారా?" అన్నాడు. బిగించమన్నాను.

మన చిన్నప్పుడు బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు మినప మొక్కలు రోడ్డు మీద పరిచేవారు, గుర్తుందా? మా నాన్నగారి టాక్సీకీ ఆ రేకు మోగుతుంటే ఆయనే పీకేసి, కిరసనాయిలు స్టవ్‌కి గాలి తగలకుండా అడ్డం పెట్టుకోమని అమ్మకిచ్చారు. అది వేడిని ఆపే రేకని మాకు తెలియదు.

ఒకరోజు అందరం ఆ టాక్సీలో వస్తుంటే, మామిడికుదురు దగ్గర రోడ్డు మీది ఎండిన మొక్కలు సైలెన్సర్‌కి చుట్టుకుని అంటుకున్నాయి. నాన్నగారు మమ్మల్ని దించేసరికి కారంతా మంటలు. ఎవరం ఏడవలేదు.

"నడవండమ్మా, పొద్దుపోతోంది," అన్నారు నాన్నగారు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ రేకే అడ్డం పెట్టి స్టవ్ వెలిగించింది. అందరం అన్నం తిన్నాం.