భూతద్దం దిద్దిన మేడ

పత్రికాఫీసులో అందరూ ఆమెను భూతద్దం అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆమె కూడా పలికేది. ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దే పని. కళ్లజోడు మూడుసార్లు మారింది గానీ కుర్చీ మారలేదు.

ఆదివారం సంచికలో పెద్దాయన రాసే వ్యాసమంటే ఊరంతా చెవి కోసుకునేది. "ఆయన రాశాడంటే తిరుగులేదు" అనేవారు. తిరుగులేకుండా చేసేదెవరో మాత్రం ఎవరికీ తెలియదు. పెద్దాయన గది దాటి కదిలే మనిషి కాదు. కళ్లారా చూసినట్టే రాస్తాడు, చూడలేదు కాబట్టి ఉత్తరాన ఉన్న వంతెనను దక్షిణాన కట్టేస్తాడు, ఎప్పుడో పోయిన మాస్టారి చేత నిన్న మాట్లాడిస్తాడు. భూతద్దం నలుగురికీ ఫోన్లు చేసి కనుక్కుని, అంచున పెన్సిలుతో సరైనది రాసేది. ఆయన మారుమాట లేకుండా ఒప్పుకునేవాడు. మెప్పు మాత్రం ఆయనది.

ఆయన ఎలాంటివాడో ఆమెకు బాగా తెలుసు. "స్థానికులు అంటున్నారు" అంటాడే గానీ ఒక్క స్థానికుడి పేరూ ఉండదు. ఎవరిని చోటు నుంచి కదిలించాలో వాళ్లను ముందు మునగచెట్టు ఎక్కిస్తాడు. దానివల్ల లాభం ఎవరికో పొరపాటున కూడా రాయడు. పాత కూరగాయల బజారు గురించి రాసి అందరిచేతా కన్నీళ్లు పెట్టించాడు, రెండు నెలల్లో బజారు నేలమట్టమైంది. పిల్లల బడిని పొగిడాడు, ఆ బడీ అంతే.

"ఆయన ఎవరినైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుందమ్మా" అనేది ఇంట్లో తల్లితో.

"నీకు అందరిలోనూ తప్పులే కనబడతాయిలే" అని తల్లి నవ్వేసేది.

ఒక శుక్రవారం పొద్దున పెద్దాయన ఆమెను గదికి పిలిచి, మొట్టమొదటిసారి కూర్చోమన్నాడు.

"నువ్వుండేది నూలుమిల్లు మేడలోనే కదమ్మా? ఈసారి మీ మేడ మీదే రాశాను. తేడాలుంటే సరిచెయ్యి."

చివరి పేరా ఇంకా రాయలేదన్నాడు. అది మామూలే. ఆయన ముగింపు ఎప్పుడూ శనివారం, ప్రూఫు దాటి, నేరుగా పేజీలోకి వెళ్లేది.

ఆమె పొంగిపోయింది. తన మేడ, పేపర్లో! కింద వాటాలో దర్జీ మిషను చప్పుడు, పక్కింటి గుమ్మంలో చెప్పులు కనబడకపోతే కంగారుపడే మనుషులు... చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మూడంతస్తులని రాశాడు, నాలుగు చేసింది. చెక్కమెట్లని రాశాడు, రాతిమెట్లు, అంతస్తుకు పద్దెనిమిది అని దిద్దింది. తూర్పు గోడకు పగులన్నాడు. దాన్ని పడమటి గోడకు, దర్జీ కిటికీ పైకి మార్చి, జానెడు అని కూడా చేర్చింది. ఆ పగులు దగ్గరైనా ఆగాల్సింది. ఊళ్లో అందరి సంగతీ పసిగట్టే మనిషి, తనను చెట్టెక్కిస్తుంటే కనిపెట్టలేకపోయింది. ఎంత సిగ్గుచేటు! పైగా సాయంత్రం ఇంటికెళ్లి, "ప్రతి అక్షరం నేనే సరిచూశానమ్మా" అని గొప్పగా చెప్పుకుంది.

ఆదివారం చూపు ఆనని తల్లికి వ్యాసం చదివి వినిపిస్తూ చివరి పేరా దగ్గర ఆగిపోయింది. "ఈ మంచి మనుషులు ఆ పగులు కిందే నిద్రపోతున్నారు. బలవంతంగానైనా వాళ్లను ఖాళీ చేయించాలి. స్థానికులు కోరుతున్నదీ అదే."

"అంతేనా?" అంది తల్లి.

"అంతే" అంది ఆమె. ఆ పేరా చదవకుండానే పేపరు మడిచేసింది.

సోమవారం ఆమె ఆఫీసుకు వెళ్లాక ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. పగులు వైపు తలెత్తి చూడలేదు. మేడ ముందు రోడ్డు ఎంత వెడల్పుందో కొలుచుకున్నారు. ఖాళీ చేయడానికి సమ్మతమేనంటూ ఒక కాగితం దర్జీ చేతికిచ్చి, సంతకాలు పెట్టించమని వెళ్లిపోయారు. కబురు తెలిసి ఆమె మధ్యాహ్నానికి పరుగున వచ్చేసరికి దర్జీ వాటాలో మేడంతా పోగై ఉంది.

"పెట్టొద్దు బాబాయ్! ఆయన ఈ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు."

"తొక్కకుండానే పద్దెనిమిది మెట్లని లెక్కపెట్టాడా?" అన్నాడు దర్జీ. "పగులు ఇవాళ నేనే కొలిచా. సరిగ్గా జానెడుంది."

"అవి రాసింది నేను."

దర్జీ మిషను ఆపాడు.

"నువ్వు రాసినవి అబద్ధాలా?"

"కాదు. కానీ ఖాళీ చేయించమని మనలో ఎవరడిగారు? ఒక్క పేరైనా ఉందా అందులో? బజారు సంగతి మరిచిపోయారా?"

పై వాటావిడ ముందుకొచ్చింది. ఆ బజారులో ఆవిడకు కొట్టుండేది. "అది కూడా నువ్వే దిద్దావా?"

"నేనే" అంది ఆమె.

"ఇంతకాలం తెలిసీ నోరు మెదపలేదన్నమాట" అంది పై వాటావిడ, కలం అందుకుంటూ.

"నేను చెప్పేది వినండి. కనీసం మా వాటా తరఫున మేం పెట్టం" అంది ఆమె.

దర్జీ కాగితం ఆమె వైపు తిప్పాడు. అన్నిటికన్నా పైన, వంకరటింకరగా, తల్లి సంతకం ఉంది.

"మీ అమ్మే ముందు పెట్టిందమ్మా. మా అమ్మాయి సరిచూసింది, ఇక తప్పేముంటుంది అంది. ఆ మాట వినే మేమంతా పెడుతున్నాం."