పళ్ళెంలో ఏడో చెయ్యి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను అక్కడే సల్వా అనే పేటలో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. మొగుడు పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో మామా, అంటే మా యజమానురాలు, ఆమె భర్త, నలుగురు పిల్లలు. నాతో కలిపి ఏడుగురం.

కొట్లు మూతపడ్డాయి, పిండి డబ్బా అడుగు కనిపించింది. అయితే వాళ్ళ తెగకు ఒక వక్ఫ్ ఉంది. ఎప్పుడో ఒక ముసలాయన తన కొట్లూ గిడ్డంగీ తెగ జనం కోసమని రాసిచ్చి పోయాడట. అమ్మడానికి లేదు, కొడుకులు పంచుకోవడానికి లేదు. దాని మీద వచ్చేది కష్టంలో ఉన్న ఇళ్ళకే పోవాలి. ఆ గిడ్డంగిలో బియ్యం ఉన్నాయి. దాన్ని చూసుకునే తెగ పెద్ద మామాకు మేనమామ. కాగితాలు నమ్మడాయన. అన్నం వేళకు ఇంటికి వచ్చి, పళ్ళెంలో ఎన్ని చేతులుంటే అంతమందికి ఇస్తాడు.

"రేపు నువ్వూ మాతోనే తినాల," అంది మామా.

వాళ్ళంతా ఒకే పళ్ళెంలో తింటారు. నేనేమో మొగుడి ఎంగిలి తప్ప ఇంకొకరిది ముట్టి ఎరగను. వంటింట్లో నా గిన్నె నాది.

పెద్దాయన రానే వచ్చాడు. నేను గిన్నె పట్టుకుని గోడవారన కూర్చున్నాను. ఆయన చేతికర్రతో చూపిస్తూ లెక్కపెట్టి, "ఆరు," అన్నాడు.

"ఏడు గదా! ఈయమ్మ మా ఇంటిదే," అంది మామా.

"ఇంటిదైతే చెయ్యేదీ? పక్కన కూసున్నోళ్ళకి వక్ఫ్ లేదు."

ఆరుగురి కూడు ఏడుగురం తినాలంటే పిల్లల నోటి దగ్గరిదే తగ్గుతుంది. నా గిన్నెలోది పళ్ళెంలో కుమ్మరించాను. చిన్నపిల్ల పక్కనే చోటుంది, దాని ముక్కేమో కారుతోంది. కళ్ళు మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"యల్లా, మింగవే! విషమేం కాదు," అంది మామా. పిల్లలు పడీపడీ నవ్వారు.

ముసలాయన గడ్డం కూడా ఊగింది. "ఏడు, ఖలాస్. దినామూ ఇట్లే తినాల. మళ్ళా వచ్చి చూస్తా."

సాయంత్రానికి ఏడుగురి బియ్యం వచ్చాయి. ఆ గొడవలు ముగిసేదాకా ఆ పళ్ళెంలోనే తిన్నాను. అన్నంలో ఎండు నిమ్మకాయ తగిలితే చిన్నపిల్ల నా వైపు తోసేది, పులుపు నాకిష్టమని.

ఊరికొచ్చాక మా అత్తకు అన్నీ చెప్పాను, ఆ పళ్ళెం సంగతి తప్ప.