పడని సవరణ

మా తెలుగు మేడం పోయారన్న వార్త నాకు ఒక ఫ్లెక్సీ బొమ్మగా వచ్చింది. పొద్దున హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరో ఫోన్లో పంపారు. మేడం పాస్‌పోర్టు ఫోటో, చుట్టూ గులాబీ రేకులు, పైన 'అశ్రునివాళి'. ఆమె పక్కన మా ఊరి ప్రైవేటు బడి డైరెక్టరు చేతులు జోడించి నిలబడ్డాడు, ఆమెకంటే రెండింతలు పెద్దగా. మేడం 'మా విద్యాసంస్థల శ్రేయోభిలాషి' అట. అడుగున పూలతీగ కింద 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అని ఒక లైను. మనిషి పోయిందన్న సంగతి లోపలికి దిగకముందే నాకు రోత పుట్టింది. ఏడుపు ఆ తరవాత వచ్చింది. తిరగబడ్డ వరుస అని తెలుసు, కానీ జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

ఆ బడి శ్రేయస్సు ఆమె ఏనాడూ కోరలేదు. వాళ్లు చెప్పుకున్న ఒక అబద్ధాన్ని దిద్దించాలని రెండేళ్లు నా వెంట పడ్డారు. ఆ అబద్ధాన్ని అచ్చు వేసింది నేను. దిద్దనిదీ నేనే. నేను పనిచేసే పత్రికలో ఈ మాటలు రావు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నస్పూర్ నుంచి షేర్ ఆటోలో వెళ్లేంత దూరంలో ఉన్న ఒక బొగ్గుబాయిల ఊరు మాది. అక్కడి సర్కారు హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా చదివాను, ఇప్పుడు ఆ ఊరికే విలేకరిని. మేడం మాకు తెలుగు చెప్పారు. రిటైరయ్యాక కూడా రోజూ ప్రార్థన గంటకు ముందే ఆటో దిగి బడికి వచ్చేవారు. పాఠం చెప్పడానికి కాదు, బోర్డు రాయడానికి. గేటు లోపల ఎడమచేతి గోడకు ఒక నల్లబోర్డు ఉంది. దానిమీద 'మన బడి ముచ్చట్లు' అని తెల్ల పెయింటుతో ఆమే రాయించారు. సంచిలోంచి పాత పౌడరు డబ్బా తీసి, అందులోని సుద్దముక్క ఒకటి ఏరుకుని, ఆ రోజు ముచ్చట్లు నాలుగో ఐదో రాసేవారు. రాశాక రెండడుగులు వెనక్కి వచ్చి, కొంగుతో కళ్లజోడు తుడుచుకుని, ఒకసారి పైకి చదువుకునేవారు.

అందరి బళ్లలోనూ నోటీసుబోర్డులు ఉంటాయి. ర్యాంకులు, కప్పులు, ముఖ్య అతిథులు. మేడం బోర్డు వేరు. 'భైంసా పోయిన ఖోఖో జట్టు ఓడిపోయి వచ్చింది. మంచిగ ఆడింది. తొవ్వల ఎవలికీ వాంతులు కాలే' అని ఒకసారి రాశారు. 'లచ్చవ్వ కొడుకు అనిల్ వారం సంది బడి ఎగ్గొట్టలే' అని ఇంకోసారి. జిల్లాలో సైన్స్ బహుమతి వచ్చిన పిల్లకూ అదే సైజు అక్షరాలు, వారం రోజులు బడికి వచ్చిన అనిల్‌కూ అదే సైజు. పదో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా ఒక్కసారైనా ఆ బోర్డు ఎక్కాలన్నది ఆమె పంతం. ఎక్కనివాళ్ల పేర్లు రిజిస్టరు వెనక పేజీలో రాసుకుని, ఏదో ఒక మంచి సంగతి దొరికేదాకా వాళ్ల వెంట తిరిగేవారు.

ఇంకో పద్ధతి ఉండేది. పిల్లల పేరుకు ముందు ఇంటిపేరు రాయరు, కన్నతల్లి పేరు, మా మాటలో అవ్వ పేరు రాస్తారు. రాజవ్వ బిడ్డ, మల్లవ్వ కొడుకు, పోశవ్వ బిడ్డ. ఎందుకని నేను ఒకసారి అడిగాను.

"ఇంటిపేరు రాస్తె కులమేందని అడుగుతరు బిడ్డా. అవ్వ పేరు రాస్తె ఇంటికి ఉరికి అవ్వకు చెప్తరు" అన్నారు.

నిజమే, మేమూ ఉరికేవాళ్లం. సగంమంది బాపులు బాయి షిఫ్టుల్లో, మిగతా సగం గల్ఫ్‌లో. బడి సంగతులు వినేది అవ్వలే కదా. చదువురాని అవ్వలు కూడా సంతకు పోతూ గేటు దగ్గర ఆగి "మా పేరేమన్న ఉన్నదా జర సూడు బిడ్డా" అని పిల్లలను అడిగేవాళ్లు.

నేను తొమ్మిదిలో ఉండగా బోర్డు ఎక్కాను. వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి. 'మల్లవ్వ కొడుకు వ్యాసంల ఫస్టు వచ్చిండు' అని రాశారు. మా అవ్వ ఆ మాటను వాడకట్టంతా తిప్పింది. అయితే ఆ వ్యాసం నాది కాదు. గైడులోంచి బట్టీ పట్టి దించాను. రెండు రోజులు అన్నం సహించక, మూడోరోజు వెళ్లి మేడంకు చెప్పేశాను. కొడతారనుకున్నాను. ఆమె పౌడరు డబ్బా తీసి, బోర్డు దగ్గరికి నడిచి, నా ముందే రాశారు: 'సవరణ. మల్లవ్వ కొడుకు వ్యాసం సొంతంగ రాయలే. తన తప్పు తానే చెప్పిండు.'

మామూలుగా ఏ ముచ్చటైనా ఒక్కరోజే ఉంటుంది. దాన్ని మాత్రం రెండు రోజులు ఉంచారు. మొదటిరోజు సిగ్గుతో చచ్చిపోయాను. రెండోరోజు మా అవ్వ వచ్చి, ఎవరితోనో చదివించుకుని, "ఫస్టు వచ్చినదాని కంటె గిదే బాగున్నది మేడం" అన్నది. సవరణ అనే మాట నేను మొదటిసారి నేర్చుకున్నది అక్కడే. తరవాత ఈ వృత్తిలోకి వచ్చాక, ఆ మాటంటే పత్రికలవాళ్లు ఎంత భయపడతారో చూశాను.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కింద పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మండలం మొత్తంలో ఎక్కువ మార్కులు మా సర్కారు బడి పిల్లకే. రాజవ్వ బిడ్డ సుమలత. రాజవ్వ బీడీలు చుడుతుంది, భర్త మస్కట్‌లో ఉంటాడు. మేడం ఆ రోజు బోర్డు మొత్తం ఒక్క ముచ్చటకే ఇచ్చారు. అట్లా ఇవ్వడం ఆమె చరిత్రలో అదే మొదలు, అదే ఆఖరు.

మూడోరోజుకు ఊరి చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. ప్రైవేటు బడి పేరు, మధ్యలో సుమలత, ఒంటిమీద వాళ్ల కోటు, మెడలో వాళ్ల టై. కోటు ఎవరిదో పెద్దపిల్లది, చేతులు వేళ్లను దాటి వేలాడుతున్నాయి. తమ జూనియర్ కాలేజీలో ఉచితంగా సీటు ఇస్తామని పిలిచి, కోటు తొడిగి, ఫోటో తీసి పంపించారు. 'మా విద్యార్థిని విజయభేరి' అని రాశారు. ఆ పిల్ల అప్పటికి ఆ బడి మెట్లు ఎక్కింది ఒక్కసారి, ఆ ఫోటో కోసమే.

డైరెక్టరు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మన వార్త మంచిగ రావాలె. మెటీరియల్ పంపిన" అన్నాడు. ఆ బడి మా పత్రికకు ఏడాది పొడుగునా ప్రకటనలు ఇస్తుంది. పంపిన మెటీరియల్‌కు పైన నా ఊరి పేరు తగిలించి పంపేశాను. విజయభేరితో సహా పడింది. నాకు తెలియక రాయలేదు. ఆ పిల్ల ఎక్కడ చదివిందో నాకు తెలుసు. తెలిసే రాశాను.

మర్నాడు పొద్దున మేడం మా ఇంటికి వచ్చారు. చేతిలో పేపరు. కోపం లేదు.

"చదువుకునే పిల్ల భేరి ఎందుకు కొడ్తదిరా?" అని ముందు అది అడిగారు. తరవాత పాత ప్రశ్నపత్రం వెనక రాసుకొచ్చిన చీటీ ఇచ్చారు. 'సవరణ. రాజవ్వ బిడ్డ సుమలత ఆరు నుంచి పది దాకా సర్కారు బడిలనే చదివింది.' "రేపటి పేపర్ల వెయ్యి బిడ్డా. చిన్నగ వేసినా సరే" అన్నారు.

డెస్కుకు చెప్పాను. "సవరణ వేస్తే యాడ్ పోతది అన్నా, నీకెందుకు పరేషానీ?" అన్నారు. చీటీని బండి ట్యాంకు మీది కవరులో పెట్టాను.

ఆ జూన్‌లో మా బడి ఆరో తరగతిలో ఒక్క బెంచీ కూడా సరిగా నిండలేదు. ప్రైవేటు బడి పసుపు బస్సులు మాత్రం వాడకట్టు లోపలిదాకా వచ్చాయి. ఇట్లాగే పిల్లలు తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారన్న మాట మొదలైంది. బీడీల కార్ఖానా ముందు ఒకరోజు రాజవ్వ నన్ను ఆపింది.

"సారూ, మా పెద్దపిల్ల సర్కారు బడిల చదివిందంటె వాడకట్టుల ఎవలూ నమ్ముతలేరు. పేపర్ల గట్ల రాలే గదా అంటుండ్రు. నేనే అబద్ధం ఆడుతున్ననట" అన్నది.

కన్నతల్లి మాటకంటే నా రాత గొప్పదైంది. ఆ రోజు నా మీద నాకు కలిగిన ఏవగింపు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, రెండుమూడు రోజులకు మించి నిలవలేదు. మళ్లీ పనిలో పడ్డాను. శాలువాలు, పూలబొకేలు, పదిమంది పెద్దల వెనక మొహం కనిపించని పిల్లల ఫోటోలు, సత్తా చాటారు, దుందుభి మోగించారు. అన్నీ రాశాను.

మేడం మాత్రం వదల్లేదు. బస్టాండులో, మందుల దుకాణంలో, ఎవరి పెళ్లిలోనో, కనపడితే చాలు సంచిలోంచి ఒక చీటీ. అదే వాక్యం, అదే గుండ్రటి దస్తూరి. నా బండి కవరు ఉబ్బింది. పోయిన నెల కూరగాయల సంతలో కనిపించారు. మళ్లీ చీటీ ఇచ్చారు, ఈసారి అక్షరాలు కొంచెం వంకరపోయాయి. నాకు చిరాకు వచ్చింది.

"పాత ముచ్చట మేడం. ఇడిసిపెట్టుండ్రి ఇగ" అన్నాను.

"పాతదైతె తప్పు ఒప్పయితదా బిడ్డా?" అన్నారు. మళ్లీ "నువ్వు గా బోర్డు ఎక్కినోనివే గదరా" అన్నారు. తరవాత మా అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందని అడిగి, చిక్కుడుకాయలు ఏరుకోవడంలో పడ్డారు.

అదే ఆఖరు. మొన్న తెల్లవారుజామున గుండె ఆగిందట. అంత్యక్రియలకు ఒక పెద్ద నాయకుడు వచ్చాడు. మా డెస్కు నుంచి ఫోన్. "మేడం ఫోటో చిన్నగ పెడ్తం అన్నా. పెద్దాయన పరామర్శ ఫోటో పంపు" అన్నారు. పంపాను. మర్నాడు నాయకుడి ఓదార్పు శీర్షికలో, మేడం పేరు మూడో లైనులో. డైరెక్టరు దండ వేశాడన్న మాట కూడా ఉంది. అదీ నేనే రాశాను. ముప్పై ఏళ్లు పిల్లల పేర్లు పైన రాసిన మనిషి పేరును నా చేత్తో కిందికి తోశాను. పొద్దున ఆ పేజీ చూసి పేపరు మడిచేశాను. బండి తీసి నేరుగా బడికి పోయాను.

బోర్డు తుడవలేదు. ఆమె చేతి రాత అట్లాగే ఉంది. మీద ఒక ముచ్చట: 'వంట అక్క కాలు నొప్పి తగ్గింది.' కింద ఇంకోటి: 'పోశవ్వ బిడ్డ రమ్య ఇయ్యాల నీళ్లు అని మంచిగ పలికింది. ఇగ నీల్లు అనదు.' ఆ కింద జానెడు ఖాళీ. సంచిలో వేసుకోవడం మరిచిపోయారేమో, పౌడరు డబ్బా కిటికీలో ఉంది. సుద్దముక్క తీసుకుని, బండి కవరులోంచి ఒక చీటీ తీసి చూసి రాశాను. 'సవరణ. రాజవ్వ బిడ్డ సుమలత ఆరు నుంచి పది దాకా ఈ బడిలనే చదివింది. ఊరి విలేకరి తప్పు రాసిండు.'

వెనక పిల్లలు మూగారు. రెండు జడల పిల్ల ఒకతి ముందుకు వచ్చి పైకి చదివింది.

"గా విలేకరి ఎవలు సారూ?"

"నేనే."

"మరి మీ అవ్వ పేరేది? అవ్వ పేరు లేకుంట మేడం రాయనియ్యదు."

అక్కడ కూడా దాక్కున్నానని అప్పుడు తెలిసింది. మా అవ్వ పేరు చెప్పాను. ఆ పిల్ల 'ఊరి విలేకరి' అన్నచోట అరచేత్తో తుడిచి, నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. 'మ' రాసి ఆగింది.

"ఏ ల సారూ? నీళ్ల ళనా?" అన్నది. ఆ రమ్య ఈ పిల్లే.

"కాదు బిడ్డా, మామూలు ల" అన్నాను.

మడమలెత్తి నిలబడి, నాలుక బయటపెట్టి, వంకరగా రాసింది: 'మల్లవ్వ కొడుకు'. ఆ కింద ఇంకో వాక్యం ఉండాలి. నా తొమ్మిదో తరగతిలో ఉండింది, 'తన తప్పు తానే చెప్పిండు' అని. దాన్ని రాసే మనిషి లేరు. ప్రార్థన గంట కొట్టారు. ఆ పిల్ల అరచేతిని గౌనుకు తుడుచుకుని వరుసలోకి ఉరికింది. నీలం గౌను మీద అయిదు వేళ్లూ తెల్లగా పడ్డాయి.