రాయకూడని చోట రాసినప్పుడు

మైపాడు రోడ్డులో మా మేనమామకు ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ అమోనియా కంప్రెసర్ ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చూసుకునే పాత కంట్రోల్ బోర్డు ఒక వానాకాలంలో పిడుగుపాటుకు కాలిపోయింది. అందులోని ప్రాసెసర్‌ను ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. ప్రోగ్రాం ఉన్న చిప్ మాత్రం బతికింది. నేను నెల్లూరులో ఉంటూ చెన్నై కంపెనీకి ఇంటినుంచే ప్రోగ్రాములు రాసేదాన్ని.

"నువ్వు చదివింది ఇదే గదా అమ్మణ్ణీ, ఏదన్నా చెయ్" అన్నాడు మామ.

నేను ఎమ్యులేటర్ రాశాను. అంటే, కాలిపోయిన ఆ ప్రాసెసర్ ఒక్కో ఆజ్ఞను ఎలా పాటించేదో అచ్చం అలాగే పాటించే ప్రోగ్రాం. దాన్ని కొత్త బోర్డులో పెడితే, పాత చిప్‌లోని ప్రోగ్రాం తన పాత ప్రాసెసర్ మీదే ఉన్నట్టు నడుస్తుంది.

అందులో నన్ను ఎక్కువగా వేధించింది మెమరీలో రాసే పని. మెమరీలో కొంత భాగం మార్చుకోవడానికి, మిగతాది చదువుకోవడానికి మాత్రమే. చదవాల్సిన చోట ప్రోగ్రాం రాయబోతే దాన్ని రైట్ ఫాల్ట్ అంటారు. పాత బోర్డులో అలా రాయబోతే ఏమీ జరిగేది కాదు. రాత పడదు, ప్రోగ్రాం తన దారిన తాను పోతుంది. నాకది నచ్చలేదు. రాయకూడని చోట చెయ్యి పెట్టిందంటే ఎక్కడో ఏదో చెడినట్టే. అందుకని ఫాల్ట్ రాగానే ప్రోగ్రాం, కంప్రెసర్ రెండూ ఆగిపోయేలా, ఏ ఆజ్ఞ ఎక్కడ ఏమి రాయబోయిందో స్క్రీన్ మీద కనిపించేలా చేశాను. మామకు ముందే చెప్పాను.

"ఆగితే ఆగనీలే, పేలకపోతే చాలు" అన్నాడు.

కొన్ని నెలలు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ శనివారం నేను అక్కడే ఉన్నాను. తీరంలో కానాగంత చేపలు విరగబడి పడ్డాయి. పొద్దున్నే వచ్చిన బోట్ల చేప అంతా గేటు బయట ఆటోల్లో పెట్టెల నిండా ఉంది. ఎండ ముదురుతోంది. చేప మెత్తబడే లోపల ఐసు పడాలి. సరిగ్గా అప్పుడే కంప్రెసర్ పెద్ద మూలుగు మూలిగి ఆగిపోయింది.

కంట్రోల్ పెట్టె మీది స్క్రీన్ చూశాను. రైట్ ఫాల్ట్. రాయబోయిన చోటు, మార్చుకోదగ్గ మెమరీ ముగిసి చదివే మెమరీ మొదలయ్యే మొదటి గడి. పాత ప్రోగ్రాం మార్చుకోదగ్గ మెమరీ చివరి పట్టికలో ఒక్కో ప్రెజరుకు ఒక్కో గడి పెట్టుకుని, ఆ ప్రెజరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క రాసుకుంటుంది. ఇప్పుడు అది తన పట్టికను దాటి పక్క మెమరీలో పడింది. అంటే పైపుల్లో ప్రెజరు, ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు ఊహించినదానికంటే పైకి పోయింది.

బయటికి పరుగెత్తాను. వెనక గోడ పక్క వేడి పైపులను చల్లబరుస్తూ ఎప్పుడూ ధారగా పడే నీళ్లు లేవు. నీళ్ల మోటారు కాలిన వాసన వస్తోంది.

"మామా, నీళ్ల మోటారు మార్చేదాకా కంప్రెసర్ తిప్పొద్దు. పైపు పగులుతుంది."

మామ తలూపి, నాతోపాటు లోపలికి వచ్చి మోటారు కోసం ఎవరికో ఫోన్ చేస్తుండగా ఒకాయన గేటు నెట్టుకుని లోపలికి వచ్చాడు. అక్కడ ఎక్కువ బోట్లున్నవాడు ఆయనే. మనిషి ఎత్తరి. చేతిలో ఐసు పగలగొట్టే గడ్డపార ఉంది. వెనక ఇద్దరు మనుషులు.

"యాందుకు నిలబెట్టినావు? నా చేప కుళ్లిపోతా ఉండాది!"

"మోటారు కాలిందన్నా, ఒక్క గంట..." అన్నాడు మామ.

మాట పూర్తి కాలేదు. గడ్డపార మామ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. మామ ఐసు తొట్టి అంచుకు తల కొట్టుకుని పడ్డాడు. తడి నేల మీద నెత్తురు, నీళ్లలో కలిసి నా కాళ్ల దాకా వచ్చింది.

నేను కంట్రోల్ పెట్టెకు అడ్డం నిలబడ్డాను. ధైర్యమని చెప్పను. కాళ్లు కదల్లేదు.

"తిప్పు మే!" అన్నాడు.

"తిప్పను. పైపు పేలుతుంది. ఇదిగో చూడండి, ప్రెజరు..."

అతను నా జడ చేతికి చుట్టుకుని నన్ను పక్కకు లాగి గోడకేసి కొట్టాడు. నోట్లో ఉప్పగా నెత్తురు. అతని మనుషుల్లో ఒకడు, పెట్టె పక్కన ఉన్న నా లాప్‌టాప్‌ను నేలకేసి కొట్టి కాలితో తొక్కాడు. ఎమ్యులేటర్‌తో పనిలేకుండా కంప్రెసర్‌ను నేరుగా తిప్పే పాత మీట ఒకటి గోడకు ఉండేది. దాన్ని అతను ముందెప్పుడో చూసి ఉంటాడు. రెండు చేతులతో కిందికి లాగాడు.

"చూసినావా, తిరగతా ఉండాది. కంప్యూటరంట!" అన్నాడు. నా ముఖం మీదికి వంగి నవ్వాడు.

కాసేపటికి అతను ఇంకా నవ్వుతూనే కంప్రెసర్ వైపు తిరిగాడు, అప్పుడే పేలింది. కంప్రెసర్ పక్క పైపుల జాయింటు ఊడి తెల్లటి అమోనియా పొగ అతని ముఖాన కొట్టింది. అరుపు కూడా రాలేదు. ఊపిరి అందక గొంతు పట్టుకుని గిరగిరా తిరిగాడు. కళ్లలో నిప్పులు పోసినట్టు మాకందరికీ మండింది. అతని మనుషులిద్దరూ గోడ దూకి పారిపోయారు.

మామ మోకాళ్ల మీద పాకుతూ, బాగున్న చేత్తో మీట పైకి కొట్టాడు. "ప్రభువా, ప్రభువా" అంటూనే అతని వైపు చెయ్యి చూపి, "వాణ్ణి లాగు అమ్మణ్ణీ!" అని కేకేశాడు.

లాగాను. తడిగుడ్డ నోటికి కట్టుకుని చొక్కా పట్టి ఈడ్చాను. వాకిలి దగ్గర నా చేతులు ఆగిపోయాయి. ఇక్కడే వదిలేస్తే ఏమవుతుందని నిజంగా ఆలోచించాను. ఆ ఆలోచన నాకు హాయిగా అనిపించింది కూడా. తరువాత మళ్లీ లాగాను. బయట కుళాయి కింద అతని తల పెట్టి, కళ్లు బలవంతంగా తెరిచి నీళ్లు కొట్టాను. అతను పిల్లిలా నా ముంజేతులు గీరాడు. ఇంకా గట్టిగా అదిమి పట్టాను. ఎందుకంత గట్టిగా పట్టానో నాకు తెలుసు.

మామ భుజంలో ప్లేటు వేశారు. అతనికి కుడి కన్ను పోయింది. పోలీసు స్టేషన్‌లో రెండువైపుల పెద్దమనుషులూ కూర్చుని రాజీ అన్నారు. నేను ఒప్పుకోనన్నాను. "తీరంలో బతకాలి గదా" అని మామ సంతకం పెట్టాడు.

ఫ్యాక్టరీ మళ్లీ మొదలుపెట్టేముందు ఫాల్ట్ వచ్చినప్పుడు చేసే పని తిరగరాశాను. ఇప్పుడు రాయకూడని చోట రాయబోతే ఆ రాత పడదు, పాత బోర్డులో లాగే ప్రోగ్రాం సాగుతుంది, లెక్కలన్నీ చూసుకుంటుంది. కంప్రెసర్ మాత్రం వెంటనే ఆగుతుంది, సైరన్ మోగుతుంది, "ప్రెజరు ఎక్కువ, దూరం పోండి" అని తెలుగులో పెద్ద అక్షరాలు వస్తాయి. గోడ మీది మీటను నేనే సుత్తితో కొట్టి ఊడగొట్టాను. ఊడిపోయాక కూడా చాలాసేపు కొట్టాను.

తరువాతి సీజనులో అతను నల్లద్దాలు పెట్టుకుని ఐసుకు వచ్చాడు. గేటు దగ్గర నన్ను చూసి ఆగాడు.

"ఆ దినం నీ పెట్టె ఎందుకు నిలబెట్టింది పాపా?"

"రాయకూడని చోట రాయబోయింది. ప్రెజరు హద్దు దాటింది కాబట్టి."

"అంతేనా?"

"అంతే. అదే చెప్పబోయినాను."

అతను తలవంచుకుని లోపలికి అడుగు వేయబోయాడు. నేను గేటు మూశాను.

"నువ్వు లోపలికి రావద్దు అన్నా. ఐసు బయటికే పంపిస్తాం."