దేవుడికి చెప్పింది వెనక్కి తీసుకోవడం

మా వదిన గురించి చెప్పాలంటే ముందు ఆవిడ దేవుడి గురించి చెప్పాలి. ఇద్దరూ కలిసే కాపురం చేస్తారు, మధ్యలో మా అన్న ఉన్నాడంటే ఉన్నాడు. కుళాయి రాకపోతే దేవుడికి చెబుతుంది. గ్యాస్ అయిపోతే దేవుడికి చెబుతుంది. మా అన్న గురక మీద కూడా ఫిర్యాదు చేస్తుంది, గుడ్లు ఉడకబెడుతూ, పొయ్యి పైనున్న వెంటిలేటర్ వైపు చూస్తూ. ఆయన అక్కడే ఉంటాడని ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. నేను ఆ వంటింట్లో చేరి పదహారేళ్ళయింది. ఆ వెంటిలేటర్లోంచి ఒక చెయ్యి వచ్చి ఒక్క ఉల్లిపాయ తరిగిపెట్టిన పాపాన పోలేదు.

నేను ఆవిడ ఆడపడుచుని. ఇంటి ముందు రెండు గదుల్లో వదిన క్రెష్ నడుపుతుంది, వంట నాది. పొద్దున ఎనిమిదింటికి తల్లిదండ్రులు పిల్లల్ని వదిలేసి పనులకి పోతారు, సాయంత్రం ఆరింటికి వచ్చి తీసుకెళ్తారు. మొత్తం పదకొండుమంది. ముక్కులు తుడవాలి, ఏ చెప్పు ఎవరిదో తేల్చాలి, కొరికినవాణ్ణీ కొరికించుకున్నవాణ్ణీ విడదియ్యాలి, మధ్యాహ్నం చాపలు పరిచి అందర్నీ ఒకేసారి పడుకోబెట్టాలి. ఈ చివరి పని వదిన వల్ల తప్ప ఎవరి వల్లా కాదు. వరసగా ఒక్కో వీపు మీద చెయ్యేస్తూ పోతుంది, చెయ్యి పడిన పిల్ల పడినట్టు నిద్రపోతుంది. పిల్లలు ఆవిణ్ణి పెద్దమ్మ అంటారు, నన్ను వంటత్త అంటారు.

మాకిద్దరికీ ఉన్న పేచీ ఒక్కటే. "పరాయి పిల్లల చెవుల్లో నీ దేవుణ్ణి పొయ్యకు వదినా" అనేదాన్ని. "ఎవరింటి దేవుడు వాళ్ళకున్నాడు, లేనివాళ్ళకి లేడు. మనల్ని పాలు పొయ్యమన్నారు గానీ దేవుణ్ణి పొయ్యమన్లేదు."

"వణికే పిల్ల కనపడితే నా శాలువా దాచుకోనా?" అనేది ఆవిడ.

"దాచుకోవద్దు. కప్పేముందు వాళ్ళమ్మనొక మాట అడుగు."

మూతి ముడుచుకునేది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ ఆవిడకి. కానీ పిల్లల దగ్గర మాత్రం నోరు అదుపులోనే పెట్టుకునేది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ పదకొండుమందిలో ఒక పిల్ల ఉంది, ఐదేళ్ళది. అందరం పిడుగు అనేవాళ్ళం. వాళ్ళ నాన్న సైన్సు మాస్టారు. చేర్పించిన రోజే గుమ్మంలో నిలబడి చెప్పాడు. "మా ఇంట్లో దేవుడు లేడండి. పెద్దయ్యాక కావాలంటే అదే వెతుక్కుంటుంది. అప్పటిదాకా దానిదగ్గర ఆ ఊసెత్తకండి." వదిన "అలాగే బాబూ" అని మాటిచ్చింది. లోపలికొచ్చి వెంటిలేటర్ వైపు చూసి "విన్నావా, నువ్వు లేవంట" అని ఆయనకి చేరవేసింది. రెండేళ్ళు ఆ మాట మీదే నిలబడింది.

అంతలో పిడుగు వాళ్ళమ్మకి మళ్ళీ కడుపొచ్చింది. నాలుగో నెలలో డాక్టరు మంచం దిగొద్దంది. ఇంట్లో ఎవరూ పిల్లని దగ్గరికి రానివ్వడం లేదు. అమ్మ ఒళ్ళో ఎక్కకు, అమ్మని లేపకు, అరవకు. పిల్ల మా దగ్గరికొచ్చి చాప మీద బోర్లాపడి వెక్కేది. ఏమైందే అంటే చెప్పేది కాదు. ఒకరోజు మిగతా పదిమందీ పడుకున్నా అది పడుకోలేదు. వదిన దాని పక్కనే ఒరిగి, మెల్లిగా చెప్పింది. "ఎవరికీ చెప్పలేనిది మనసులో దేవుడికి చెప్పుకోవే తల్లీ. ఆయన అందరి మాటా వింటాడు."

నేను గిన్నెలు తోముతూ విన్నాను. విని ఊరుకున్నాను. పిల్ల ఏడుపాపి పడుకుంది మరి, అప్పుడు లేచి గొడవ పెట్టుకోవడానికి నాకూ మనసొప్పలేదు.

పది రోజులు తిరక్కుండా వాళ్ళమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బిడ్డ దక్కలేదు.

అప్పట్నుంచి పిడుగు తిండి మానేసింది. నోట్లో పెడితే బుగ్గనే పెట్టుకునేది, మింగేది కాదు. నాలుగో రోజు దాన్ని గట్టుమీద కూచోబెట్టుకుని బతిమాలుతుంటే నా మెడ చుట్టూ చేతులేసి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "వంటత్తా, దేవుడికి చెప్పింది వెనక్కి తీసుకోవడం ఎలా?"

"ఏం చెప్పావే?"

"బాబు వద్దని చెప్పాను."

చెంచా గిన్నెలో పెట్టేశాను. నాకు తెలిసినంతలో చెప్పాను. "పిచ్చిమొహమా, దేవుడూ లేడు, గీవుడూ లేడు."

"నాన్న కూడా అలాగే అంటాడు. నాన్నకి తెలీదు" అంది. దాని మొహంలో నామీద జాలి కనపడింది.

వదినని పిలిచాను. విని, కింద కూచుంది. పిల్లని ఒళ్ళోకి తీసుకుని ఏదో సర్దబోయింది. "దేవుడు మంచివాడే తల్లీ, అలాంటివి చెయ్యడు."

"మరి అందరి మాటా వింటాడన్నావుగా. నా మాట విన్నాడు."

మాస్టారు చెప్పినా పిల్ల నమ్మదు, నేను చెప్పినా నమ్మదు. కట్టిన ముడి విప్పాల్సింది వదినే. పిల్లని పక్క గదిలోకి పంపి, కూరల బుట్ట ముందుకు లాక్కుంది. నన్నడిగింది. "క్యారెట్లున్నాయా?"

"ఉన్నాయి. ఎందుకు?"

"ఉడకబెట్టు. ఆయన వినడని దీనికి నేనే చూపించాలి." ఇంకోరోజయితే అప్పుడే వేళాకోళం మొదలుపెట్టేదాన్ని. ఆ రోజు క్యారెట్లు తరిగాను.

మధ్యాహ్నం పదకొండుమందినీ గుండ్రంగా కూచోబెట్టింది. మధ్యలో మూతపెట్టిన గిన్నె. "ఇందులో క్యారెట్టు ముక్కలున్నాయి. ఇవి చాక్లెట్లు కావాలని అందరూ కళ్ళు మూసుకుని దేవుణ్ణి గట్టిగా అడగండి" అంది. పదకొండిళ్ళ నమ్మకాలూ ఆ గిన్నె చుట్టూ చేరాయి. ఇంత చక్కటి అవకాశమొస్తే కాదనే పిల్లలెక్కడున్నారు? పిడుగైతే పిడికిళ్ళు బిగించి, మెడనరాలు పొంగేలా అడిగింది.

"ఒకవేళ నిజంగానే అయిపోతే?" అన్నాను వదిన చెవిలో.

"నోరు మూసుకుని మూత తియ్యి" అంది. కానీ ఒక్క క్షణం ఆవిడ మొహంలో భయం చూశాను. మూత తీసేముందు నేను కూడా ఒకసారి కళ్ళు మూసుకున్నాను, మీ దగ్గర దాపరికమెందుకు.

క్యారెట్లు క్యారెట్లలాగే ఉన్నాయి.

"ఇంకోసారి" అన్నారు పిల్లలు. ఇంకోసారి అడిగారు. మూడోసారి పిడుగు ఒక్కతే అడిగింది. మేమందరం చూస్తూ కూచున్నాం. మూత తీశాను. అది వంగి, గిన్నెలోకి అటూ ఇటూ చూసి, ఒక ముక్కని వేలితో పొడిచి, వదిన వైపు తిరిగింది.

"ఆయనకి వినపడదా?"

"వినపడదే తల్లీ" అంది వదిన. "నువ్వడిగినా వినపడదు, నేనడిగినా వినపడదు."

పిడుగు లేచొచ్చి వదిన చెవిలో ఏదో అడిగింది. ఏమడిగిందో చెప్పక్కర్లేదు.

"అదీ వినపడలేదు. బిడ్డ నీవల్ల పోలేదు. ఎవరివల్లా పోలేదు. ఒక్కోసారి అలా అవుతుంది, అంతే."

పిల్ల గిన్నె ముందేసుకుని కూచుంది. పదకొండుమంది క్యారెట్లలో సగం అదే తినేసింది. మిగతావాళ్ళలో ఒకడు చాక్లెట్ల కోసం సాయంత్రందాకా ఏడ్చాడు.

సాయంత్రం మాస్టారు వచ్చేముందు వదినతో చెప్పాను. పిల్ల తింది, కథ అయిపోయింది, మళ్ళీ కొరివితో తల గోక్కోకు అని. నా మాట వింటేగా. గుమ్మంలో నిలబెట్టి మొదట్నుంచీ చివరిదాకా చెప్పేసింది. ఆయన మొహం పాలిపోయింది. "మిమ్మల్ని ఒక్కటే అడిగాను కదండీ" అన్నాడు. అరిచినా బాగుండేది. "రేపట్నుంచి పంపను." పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన తప్పని నేను అనలేను.

తర్వాత వంటింట్లో మాటలు లేవు. గ్యాస్ అయిపోయింది, వదిన ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ మొదలుపెట్టమని నేనే అడుగుదామనుకున్నాను. పదహారేళ్ళు చెవిలో జోరీగలా విసిగించిన గొంతు కోసం నేను బెంగపెట్టుకోవడమేమిటో నాకే అర్థం కాలేదు.

ఐదో రోజు పిల్లలు పడుకున్న వేళకి పిడుగు వాళ్ళమ్మ వచ్చింది. పిల్ల సంచీ, దుప్పటీ తీసుకెళ్ళడానికి వచ్చానంది. మెల్లిగా గోడ పట్టుకుని నడుస్తోంది. తిట్లు తప్పవనుకుని నేను గరిటె పట్టుకుని వదిన పక్కన నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. వంటింట్లో ఉన్న పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూచుంది.

"మా అమ్మాయికి ఏం చెప్పారండీ?"

"తప్పు నాదేనమ్మా. మాట తప్పాను" అంది వదిన.

"దాని గురించి కాదు. ఆ రోజు, క్యారెట్లప్పుడు. దాంతో ఏమన్నారు?"

వదిన చెప్పింది. బిడ్డ నీవల్ల పోలేదన్న మాట దగ్గరికొచ్చేసరికి ఆ అమ్మాయి తల వంచుకుంది. అలాగే అంది. "మొదటి రెండు నెలలు నేను కూడా వద్దనే అనుకున్నానండి. రోజూ అనుకున్నాను. ఈయనకి చెప్పలేను. చెప్పుకోడానికి మా ఇంట్లో దేవుడు కూడా లేడు."

వదిన వెంటిలేటర్ వైపు చూసింది. ఇప్పుడు ఆయన దిగుతాడు, తప్పదు అనుకున్నాను. ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. పీట లాక్కుని ఆ అమ్మాయికి ఎదురుగా కూచుని, రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు చెప్పమ్మా" అంది.